సున్నం మీద సాక్షి

పొద్దున లేచేసరికి మరైకె దిండు మీద మట్టి రాలి ఉంది. చిటికెడు. ఎవరో ఉప్పు చల్లినట్టుంది. చేత్తో దులిపేసి కాఫీ పెట్టుకుంది. మర్నాడూ రాలింది. అప్పుడు తల ఎత్తి చూసింది. గది తెల్లటి పైకప్పు మీద వెంట్రుకలాంటి బీట ఒకటి మంచం మీదుగా సాగి, పక్కింటి వైపు గోడలోకి దిగిపోయింది.

ఆ గోడకి అవతల తోర్కువాతో పడగ్గది. ఇద్దరిదీ ఒకే కొండ. ఒకే మట్టిని రెండువైపుల నుంచి తవ్వుకున్న ఇళ్ళు. తోర్కువాతోకి డెబ్బై దాటాయి. ఆ ఇళ్ళ వరసలో ఎవరింట్లో ఏం పగిలినా ముందు ఆయన్నే పిలుస్తారు. మరైకె కూడా పిలిచింది.

ఆయన గదిలోకి వచ్చి, టోపీ తీసి, కప్పుకేసి చాలాసేపు చూశాడు.

"బాబాయ్, పెద్దదవుతుందంటారా?"

"నాకేం తెలుసు. నేనేమన్నా కొండ కడుపులో ఉన్నానా?"

"ఉన్నాంగా. అందరం."

ఆయన ఇంటికి వెళ్ళి పాత గిన్నెలో జిప్సం పిండి కలుపుకొచ్చాడు. కుర్చీ ఎక్కి, బీట గోడలోకి దిగే చోట దానికి అడ్డంగా అరచేయంత పట్టీ ఒకటి అద్దాడు. అది గట్టిపడ్డాక మేకుతో దాని మీద తారీఖు గీశాడు.

"ఇది సాక్షి. జిప్సం సాగదమ్మాయ్. కొండ కదిలితే పగులుద్ది. పగిలిన రోజు మంచం కూడా చూసుకోకుండా బయటికొచ్చెయ్. పగలనన్నాళ్ళూ పడుకో."

తన గదిలో అదే బీట మీద ఇరవై ఏళ్ళ నాటి సాక్షి ఉందని, చెక్కు చెదరలేదని కూడా చెప్పాడు. ఆ మాట విన్నాక మరైకెకి ఊపిరి ఆడింది.

ఆమె ఆ ఇల్లు కొని తొమ్మిదేళ్ళు. ఏ పట్నంలోనో ఉండే వారసుడు, అందులో ఉండే ముసలమ్మ పోయాక, చూడకుండానే అమ్మేశాడు. మరైకె మొగుడు హెంక్ గోడలు తట్టి చూశాడు. ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన అని మురిసిపోయాడు. మూడో చలికాలానికి అతనికి నిద్ర పట్టడం మానేసింది. లోపలి గదులకి కిటికీలుండవు. దీపం ఆర్పితే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. బతికుండగానే పూడ్చిపెట్టినట్టుందని, తమ దేశం హాలండ్‌కి తిరిగి వెళ్ళిపోయాడు. మరైకె వెళ్ళలేదు. జన్మలో మొదటిసారి ఆమెకి ఒళ్ళెరగని నిద్ర పట్టింది ఆ చీకట్లోనే. అక్కడ తనకున్నదంతా అమ్మి ఇందులో పెట్టింది. తిరిగి వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేదు. వరసలో వాళ్ళకి తలుపు తెరలు కుట్టిపెడుతూ వాళ్ళలో ఒకతె అయిపోయింది.

ఎగతాళి మాత్రం మానలేదు. వరసలో మూడో ఇంటి ఫెర్మీన్ సారా కొట్టు దగ్గర కనబడితే చాలు, "మీ దేశంలో సముద్రమట్టం కింద బతుకుతారంటగా పిన్నీ. ఇక్కడికొచ్చి మట్టి కింద. నేల మీద బతకడం మీవాళ్ళకి రానే రాదా?" అనేవాడు.

"నేల మీదైతే నీలాంటోళ్ళు తగులుతారుగా, అందుకని," అనేది మరైకె. అందరూ నవ్వేవారు.

ఆ ఏడు నవ్వు తగ్గింది. నవంబరులో వాన పట్టింది. ఒక రోజు పడి మర్నాడు వెలిసే వాన కాదు. తెల్లవారితే వాన, పొద్దుగూకితే వాన. కాస్త తెరిపి ఇవ్వగానే వరసలో జనమంతా కొండెక్కేవారు. ఎవరి ఇంటి పైన వాళ్ళు, పొగగొట్టాల చుట్టూ, మెత్తబడ్డ మట్టిని బూట్లతో తొక్కి, నీరు పారిన గాడులు పూడ్చేవారు. మరైకె కూడా తొక్కింది. కాలి కింద మట్టి అటూ ఇటూ జరిగినట్టు అనిపించింది. తన మంచం సరిగ్గా తన బూట్ల కిందే ఉందని గుర్తొచ్చి, గబగబా దిగిపోయింది.

దిండు మీద మట్టి రోజూ రాలుతోంది. ఆమె రోజూ టార్చి వేసి సాక్షిని చూసేది. పగల్లేదు. వేలితో తడిమేది. గీత లేదు. పళ్ళు తోముకునే ముందోసారి, పడుకునే ముందోసారి. మధ్యలో మెలకువ వచ్చినా అదే పని. పగల్లేదు కాబట్టి పడుకోవాలి. ఆ మాట తనకి తానే చెప్పుకుని కళ్ళు మూసుకునేది. మూసుకున్నాక చెవులు తెరుచుకునేవి. కొండలో ఎక్కడో లోపల, ఎవరో గోనెసంచి ఈడ్చినట్టు ఒక చప్పుడు. ఆగేది. ఆమె ఊపిరి బిగపట్టేది. మళ్ళీ వినబడేది కాదు. వినబడకపోవడమే ఎక్కువ భయంగా ఉండేది.

"బాబాయ్, మీకేమన్నా వినబడుతోందా?" అని ఒక పొద్దున అడిగింది.

"నాకు మా ఆవిడ మాటే వినబడదు," అన్నాడు తోర్కువాతో.

"వినబడుద్ది. వినడు," అంది లోపలినుంచి ఆయన భార్య పూరా.

"సాక్షి పగిలిందా?" అన్నాడాయన మరైకెతో.

"లేదు."

"మరింకేం?"

వాన మొదలయ్యాక రెండో వారంలో, ఒక మధ్యాహ్నం, కరెంటు పోయింది. మరైకె దుప్పటి తెచ్చుకుందామని కొవ్వొత్తి పట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. అలవాటుకొద్దీ కుర్చీ ఎక్కి సాక్షి దగ్గర వెలుతురు పెట్టింది. మంట నిటారుగా నిలబడలేదు. ఒక పక్కకి వంగింది. ఆమె ఊపిరి తగిలిందేమో అనుకుని నోరు మూసుకుంది. మంట అలాగే వంగి ఉంది, జిప్సం పట్టీ వైపుకి కాదు, దానినుంచి దూరంగా. పట్టీ వెనకనుంచి గాలి వస్తోంది.

కిటికీ లేని గది. కొండ లోపలి గోడ. గాలి ఎక్కడిది?

దిగి వంటగదిలోకి వెళ్ళి రొట్టె కోసే కత్తి తెచ్చింది. మళ్ళీ కుర్చీ ఎక్కింది. పట్టీ అంచున సున్నానికీ గోడకీ మధ్య కత్తి మొన పెట్టింది. నొక్కలేదు. అదే వెళ్ళిపోయింది. కొండలోకి, మెత్తగా, ఏదీ అడ్డం రాకుండా, పిడిదాకా.

ఆమె కత్తి అలాగే వదిలేసింది. పట్టీ మాత్రం చెక్కు చెదరకుండా, తారీఖుతో సహా, తెల్లగా ఉంది.

పక్కింటి తెర తొలగించేసరికి పూరా పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వాన పడితే ఆ వరసలో ప్రతి ఇంట్లోనూ మీగాస్ వండుతారు. గోధుమరవ్వని ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేసి పొడిపొడిగా అయ్యేదాకా కలుపుతూనే ఉండాలి. పూరా కలుపుతోంది. తోర్కువాతో చెంచా పట్టుకుని ముందే సిద్ధంగా ఉన్నాడు.

"రా అమ్మాయ్, ముక్కు బాగా పనిచేస్తోందే నీకు," అన్నాడు.

"బాబాయ్, సాక్షి వెనక ఖాళీ ఉంది."

"పగిలిందా?"

"పగల్లేదు. వెనక ఖాళీ ఉంది. కత్తి దిగింది."

"పగలకపోతే కదల్లేదన్నమాట."

"పిడిదాకా దిగింది బాబాయ్."

పూరా గరిట ఆపింది. "వెళ్ళి చూడవయ్యా. అంత మొహం తెల్లబోయి వస్తే."

"దాని మొహం ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది," అన్నాడు గాని లేచాడు.

మరైకె కొవ్వొత్తి పట్టుకుంటే, ఆమె గదిలో కుర్చీ ఎక్కి కత్తి పిడి చూశాడు. బయటికి లాగాడు. ఆ సందులోంచి మట్టి జలజలా రాలి ఆయన టోపీ మీద పడింది. ఆయన వేలితో పట్టీని ఒక అంచున పైకి నెట్టాడు. పట్టీ, దాని వెనక అరంగుళం మందం సున్నం, ఒక పెంకులా కలిసి ఊగాయి. ఏటా వసంతంలో వెల్ల వేస్తారు. ఆ గోడకి ఎన్ని వసంతాలు పట్టాయో ఎవరికి తెలుసు. సాక్షి పట్టుకున్నది కొండని కాదు, ఆ పెంకుని. కింద కొండ ఎంత విడిపోయినా పైన సున్నం హాయిగా ఉంది.

"సున్నం ఊడింది. కొండ కాదు," అన్నాడు దిగుతూ.

వెనకాలే వచ్చిన పూరా గుమ్మంలో నిలబడి ఉంది. "మనది కూడా చూడు."

"మనది ఇరవై ఏళ్ళనుంచి బాగానే ఉంది."

"బాగానే ఉంటే చూపించు."

ఆయన టోపీ మీది మట్టి దులుపుకున్నాడు. ఆమే ఆయన చేతిలోంచి కత్తి లాక్కుని వెళ్ళింది. తమ గదిలో, తమ మంచం తలవైపు గోడ మీద, ఇరవై ఏళ్ళ నాటి పట్టీ వెనక పెట్టింది. కత్తి దిగిన చప్పుడు కూడా రాలేదు. పూరా దాన్ని అలా పట్టుకునే మంచం మీద కూలబడింది. ఆ మంచం మీదే ఇరవై ఏళ్ళు పడుకున్నారు.

"మా నాన్న గోడ గీకి సాక్షి పెట్టేవాడు," అన్నాడు తోర్కువాతో. "పచ్చిమట్టి కనపడేదాకా. మీ ఆడోళ్ళు గోడ ముట్టనిస్తేగా. పండగ ముందు వెల్ల వేశాం, పాడు చెయ్యకు, పైనే అద్దు అన్నావు."

"నేనన్నాను. నువ్వు విన్నావు. ఒక్కసారంటే ఒక్కసారి నా మాట విన్నావు, అదీ ఇందుకు," అంది పూరా. నవ్వలేదు.

"బయటికి వెళ్దాం బాబాయ్," అంది మరైకె.

"ఎక్కడికి? ఈ సంగతి పంచాయతీకి తెలిస్తే గుమ్మానికి ఇటికలు కట్టేస్తారు. నన్నూ మీ పిన్నినీ తీసుకెళ్ళి ఏ మేడలోనో నాలుగో అంతస్తులో పెడతారు. నువ్వు మీ దేశం పోతావు."

"నాకు ఆ దేశంలో ఏం లేదు. ఇదే ఉంది."

ఆయన ఆమెకేసి చూశాడు. తర్వాత ఉలి తెచ్చుకున్నాడు.

కొవ్వొత్తి వెలుతురులో ఆ గదిలోనే గీకాడు. సున్నం పలకలు పలకలుగా పడింది. కొన్ని నీలిమందు కలిపిన పొరలు, కొన్ని పసుపు తిరిగినవి. వాటి కింద ఎర్రమట్టి. ఎర్రమట్టి మధ్యలో బీట. వెంట్రుక కాదు. మరైకె వేలు పడుతుంది.

"ఇది ఎప్పటిదో కావచ్చు," అన్నాడు. "మా తాత కాలంలో విడిపోయి, ఆగిపోయి ఉండొచ్చు. ఇప్పుడు కదులుతోందో లేదో తెలియాలి. పచ్చిమట్టి మీద పెడతాను. పగిలితే నా అంతట నేనే గుమ్మం దాటతాను. పగలకపోతే మాత్రం ఈ సంగతి గుమ్మం దాటకూడదు."

ఆయన మళ్ళీ జిప్సం కలిపాడు. పట్టీ అద్దాడు. అది వేడెక్కి గట్టిపడేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. ఎవరూ బీట కింద నిలబడలేదు. గోడ వారగా, తలుపు దగ్గర, ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడ్డారు.

గట్టిపడ్డాక పూరా ఇద్దరినీ వంటగదికి తీసుకెళ్ళింది. వంటగది బయటివైపు గది. అక్కడ కిటికీ ఉంది, వాన కనబడుతుంది. మధ్యలో తలుపులన్నీ తెరిచి పెట్టారు. ఆగిన చోటినుంచి పూరా మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. ఎండుమిరపకాయలు వేయించింది. మూకుడు స్టూలు మీద పెట్టి మూడు చెంచాలు పెట్టింది. అందరూ ఒకే మూకుట్లో తినడం అక్కడి అలవాటు.

మరైకె ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఆమె చెవులు లోపలి గదిలో ఉన్నాయి. అది పగిలితే ఇల్లు పోతుంది. పగలకపోతే మళ్ళీ వెళ్ళి ఆ బీట కింద పడుకోవాలి. దేన్ని కోరుకోవాలో తెలియలేదు. వాన చప్పుడు మీద కోపం వచ్చింది, అది ఆగితే సరిగ్గా వినచ్చని. చెంచాలు మూకుడికి తగిలినప్పుడల్లా ముగ్గురూ ఆగుతున్నారు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు తోర్కువాతో.

"నీకు నోరు పనిచేస్తోందన్నమాట, సంతోషం," అంది పూరా.

"చెవులు కూడా పనిచేస్తున్నాయి. కాస్త ఊరుకో."

ఊరుకున్నారు. మూకుట్లో ఎవరి వైపు వాళ్ళు కొంచెం కొంచెంగా తవ్వుకుంటూ తింటున్నారు. మధ్యలో ఒక గోడలా మిగిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు వినబడింది. పెద్ద చప్పుడేం కాదు. ఎండిన బిస్కట్టు విరిచినట్టు ఒక్క టిక్కు.

తోర్కువాతో చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది. పూరా పొయ్యి ఆర్పేసింది. ఎవరూ చూసొద్దామని అనలేదు. చూడక్కర్లేదు. పూరా లేచి, మూకుడు మీద మూత పెట్టి, చంకనెత్తుకుంది. గోడకి ఉన్న శాలువా, పక్కనే పెట్టిన మరైకె కత్తీ తీసుకుంది. రెండో గదిలో పెట్టెకేసి ఒకసారి చూసింది. వెళ్ళలేదు. మరైకె కిటికీలో ఉన్న టార్చి అందుకుని, ఆమె మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది.

వానలో నిలబడి వెనక్కి చూశారు. రెండిళ్ళ తెల్లటి ముందుగోడలు, రెండు తలుపులు, ఎప్పట్లాగే ఉన్నాయి. పైన కొండ మీద మరైకె పొగగొట్టం కాస్త పక్కకి ఒరిగి ఉందా, లేక ముందునుంచీ అంతేనా, ఆమెకి గుర్తు రాలేదు. తొమ్మిదేళ్ళు చూసిన పొగగొట్టం.

"పాస్‌పోర్టు లోపలుందా?" అంది పూరా.

"ఉంది."

"వద్దు."

"వెళ్ళను పిన్నీ."

తోర్కువాతో కదలడం లేదు. కొండకేసి కాదు ఆయన చూస్తున్నది. వరస పొడుగునా చూస్తున్నాడు. వాన కాబట్టి ప్రతి పొగగొట్టంలోనూ పొగ లేస్తోంది. ప్రతి ఇంట్లోనూ మూకుడు చుట్టూ మనుషులున్నారు. ఆ ఇళ్ళన్నిటిలోనూ, మంచాల పైన, ఆయన చేత్తో అద్ది, ఆయన చేత్తో తారీఖు గీసిన పట్టీలున్నాయి. ఒక్కటీ పగల్లేదు. అందరూ హాయిగా పడుకుంటున్నారు.

"అన్నీ సున్నం మీదే పెట్టాను," అన్నాడు. ఎవరితోనూ కాదు.

టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో చెంచా ఇంకా ఉంది. అది పూరా చేతికిచ్చి, ఆమె చేతిలోని కత్తి తీసుకున్నాడు. జారుతున్న బురదలో ఒక్కో అడుగే వేసుకుంటూ ఫెర్మీన్ గుమ్మం దాకా వెళ్ళాడు. మరైకె టార్చి పట్టుకుని వెనకాలే వెళ్ళింది. లోపల ఎవరో నవ్వుతున్నారు. మీగాస్ వాసన వస్తోంది.

తోర్కువాతో తెర పక్కకి తీశాడు.

"ఒరే ఫెర్మీన్," అన్నాడు, "తినడం ఆపి ఒకసారి మీ పడగ్గది చూపించరా."