దుప్పటికి రెండో కొస

తోడికోడళ్ళిద్దరికీ మాటలు లేవు. అయినా పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే దుప్పటికి చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడక తప్పేది కాదు. పెద్ద హోటలు తాలూకు లాండ్రీ అది. దుప్పట్లు మడతపెట్టడం అక్కడ ఇద్దరి పని. చెరో రెండు మూలలూ పట్టుకుని గట్టిగా లాగి, ముడతలు పోయాక ఎదురు నడిచి మూలలు అందించుకోవాలి. ఇద్దరూ ఒకే ఎత్తు కాబట్టి జంటగా వేశారు. మేనేజరుకి వాళ్ళ ఎత్తు కనబడింది గానీ మధ్యలో మండుతున్నదేమిటో కనబడలేదు.

మండడానికి కారణం ఒక జడ. పెద్దకోడలి కూతురికి నడుము దాటిన జడ ఉండేది. తల్లి డ్యూటీలోనూ తను సెలవులోనూ ఉన్న ఒక మధ్యాహ్నం, పిల్ల తలలో పేలు పడ్డాయని చిన్నకోడలు కత్తెర పట్టుకుని చెవుల దాకా కత్తిరించి పారేసింది. అడిగిందీ లేదు, చెప్పిందీ లేదు. పైగా, పేలు పోయాయి కదా అంది. పెద్దకోడలు ఆ పూటే చిన్నదానితో మాట మానేసింది. తరవాత ఇంట్లో ఏం చెప్పాలన్నా గోడకే. కుళాయి కట్టేస్తే కొందరి సొమ్మేం పోతుందో అని ఒకావిడ గోడతో అంటే, కొందరికి చేతులు ఖాళీ లేవు మరి అని రెండో ఆవిడ తలుపుతో అనేది. మధ్యన అత్తగారు వినపడనట్టు నటించి నటించి నిజంగానే కాస్త చెవుడు తెచ్చుకుంది.

అలా ఉండగా లాండ్రీలో సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. పనివాళ్ళు తలో భాష వాళ్ళు. వాళ్ళకి పని పురమాయించాలంటే ఇంగ్లీషే దిక్కు. అందుకని పోస్టు కావాలన్న వాళ్ళందరికీ మధ్యాహ్నాలు భోజనాల గదిలో క్లాసులు పెట్టించారు. టీచరమ్మ బోర్డు మీద షుడ్ అని రాసి ఇది సలహా అంది, మస్ట్ అని రాసి ఇది తప్పనిసరి అంది. పెద్దకోడలికి ఆ భాష మొదట్నించీ గిట్టలేదు. మేనేజరునీ యూ, మరిదినీ యూ, వీధిలో కుక్కనీ యూ. అదేం భాష?

కానీ ఆ పోస్టు ఆవిడకి కావాలి. కుడి భుజం పాడైంది. తడి దుప్పటి ఎత్తితే లోపల మేకు దిగినట్టుండేది. సూపర్‌వైజరుకి కుర్చీ ఉంటుంది, బరువు ఎత్తే పని ఉండదు. ఆ పోస్టు రాకపోతే ఇవాళ కాకపోతే రేపు భుజం సంగతి బయటపడుతుంది, పనికిరాని చేతిని ఏ లాండ్రీ పెట్టుకుంటుంది? అందుకే మొగుడికి కూడా చెప్పలేదు. ఎంత దాచినా ఒక మనిషికి మాత్రం తెలిసిపోయింది. రెండో కొస పట్టుకున్న మనిషికి లాగుడులో తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

ఈ మధ్య చిన్నకోడలు పై అంచు తనే ఎత్తుతోంది, ఎదురు నడవాల్సిన దూరమంతా తనే నడుస్తోంది. పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. నా భుజం సంగతి మనసులో పెట్టుకుంటోంది, సమయం చూసి పై వాళ్ళ చెవిలో ఊదుతుంది అనుకుంది.

మేనేజరు స్వయంగా వచ్చి క్లాసులో వెనక బల్ల మీద కూర్చున్న రోజున ఆ సమయం రానే వచ్చింది. ఒకరు కష్టం చెప్పాలి, ఒకరు సలహా ఇవ్వాలి అంది టీచరమ్మ. ఏమీ తెలియని మహాతల్లి, తోడికోడళ్ళిద్దర్నీ కలిపి లేపింది. మిగతా వాళ్ళందరికీ వీళ్ళ గొడవ తెలుసు కనక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చిన్నకోడలు మొదలుపెట్టింది. "ఐ హ్యావ్ ఎ ఫ్రెండ్." ఆ ఫ్రెండుకి భుజం నొప్పిట, ఎవరికీ చెప్పకుండా దాస్తోందిట. "వాట్ షుడ్ షి డూ?"

పెద్దకోడలు ఓరగా వెనక బల్ల వైపు చూసింది. మేనేజరు ఫోను పక్కన పెట్టి వింటున్నాడు.

"షి షుడ్ డూ హర్ వర్క్," అందావిడ. "యూ మస్ట్ షట్ యువర్ మౌత్."

సలహాకి మస్ట్ మరీ గట్టిగా ఉంటుందని టీచరమ్మ మెల్లిగా సర్దబోయింది. అంత గట్టిదే కావాలంది పెద్దకోడలు. ఫ్రెండు డాక్టరుకి చూపించుకోవాలంది చిన్నది. అక్కర్లేదంది పెద్దది. పరాయి పిల్ల జుట్టు ముట్టుకునే ముందు తల్లిని అడిగి తీరాలి, అడగలేదు కనక సారీ చెప్పి తీరాలి అని కూడా అంది. చెప్పక్కర్లేదు, ఆ రాత్రి పిల్ల గోక్కోకుండా నిద్రపోయింది అంది చిన్నది. అక్కా లేదు, చెల్లీ లేదు. నెలల తరబడి గోడలకి చెప్పిందంతా యూ అంటే యూ అని మొహం మీదికే వచ్చిపడింది. పెద్దకోడలికి ఆ భాష మొదటిసారి రుచించింది. టీచరమ్మ గుడ్, గుడ్ అంటూ మురిసిపోయింది.

ఆ ఫ్రెండు మన లాండ్రీలోనేనా అని మేనేజరు అడిగాడు. కాదు సార్, నేను ఇదివరకు పనిచేసిన చోట అంది చిన్నకోడలు. పెద్దకోడలికి కృతజ్ఞత కలగలేదు. నా జుట్టు తన చేతిలో ఉంచుకుందన్నమాట అనుకుంది.

పోస్టు చిన్నకోడలికే ఇచ్చారు. అంత కోపిష్టి మనిషి పదిమందిని నడపలేదన్నాడట మేనేజరు. ఆ సాయంత్రం ఇంట్లో గోడలకి కూడా ఏమీ వినిపించలేదు.

మర్నాడు దుప్పటి రెండో కొసకి ఒక వస్తాదు లాంటివాణ్ణి వేశారు. వాడు ఒక్క గుంజు గుంజేసరికి పెద్దకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదవి కొరుక్కుని మళ్ళీ మూలలు పట్టుకుంది. రెండో దుప్పటికి పట్టు జారి గుడ్డ నేల మీద పడింది.

చిన్నకోడలు తన కొత్త కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చింది. మరకలు చూసే బల్ల దగ్గర వేసి, అందరికీ వినపడేలా ఇంగ్లీషులో అంది. ఇవాళ్టి నుంచి నువ్వు దుప్పట్లు ఎత్తకూడదు, ఇక్కడ కూర్చుని దిండు గలీబులకి మరకలు చూడాలి. మస్ట్ అనే అంది.

పెద్దకోడలు కదల్లేదు. చాలా నెలల తరవాత మొదటిసారి తెలుగులో, నేరుగా ఆమెతోనే మాట్లాడింది.

"ఇది సలహానా?"

"కాదు. ఆర్డరు."

సలహా అయితే ఆవిడ ఛస్తే వినేది కాదు. జాలి అయితే కుర్చీని తన్నేసేది. ఆర్డరు కనక, ఉద్యోగం కనక, వెళ్ళి కూర్చుంది. భుజం దించి ఒళ్ళో పెట్టుకున్నంత సుఖంగా ఉంది. ఆ సుఖానికి ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

"నా కూతురి జుట్టు ఇంకా భుజాల దాకా కూడా రాలేదు," అంది.

"తెలుసక్కా. రోజూ చూస్తూనే ఉన్నా."

"చూడు. ముట్టుకోకు," అని గలీబుల కట్ట ముందుకి లాక్కుంది పెద్దకోడలు.