పదిమంది అడిగిన పేరు

తెల్లబట్టలు ఉతకడం గురువారం పని. శుక్రవారం పొద్దు వాలేసరికి మా సఫేద్ పట్నంలో యూదు మగవాళ్లంతా ఆ బట్టలు తొడుక్కుని ఊరి బయటి పొలాల్లోకి వెళ్తారు. సబ్బాతు, అంటే మా శనివారపు విశ్రాంతి దినం, పెళ్లికూతురట, పాటలు పాడుతూ ఎదురెళ్లి తీసుకొస్తారు. అందరికంటే మా ఆయన శెమాయా గొంతే ముందు వినిపిస్తుందని అంటారు. నేనెప్పుడూ వినలేదు. ఆయన పెళ్లికూతురికి ఎదురెళ్లే వేళకి నేను పొయ్యి ముందు కూర్చుని పన్నెండు రొట్టెల్లో పన్నెండోది కాలుస్తుంటాను.

"మెడ దగ్గర మరక పోలేదు. దేవదూతలు ఏమనుకుంటారే?" అన్నాడొకసారి. బూడిదనీళ్లకి పగిలిన నా చేతులు చూస్తే ఆ దేవదూతలే ఏమనుకుంటారో ఆయనకి తోచలేదు.

ఆ గురువారం కూడా తెర అవతల కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, రాగం తీసి పాఠం వల్లిస్తున్నాడు. నలభై దాటిన పెళ్లయిన మగవాళ్లకే చెప్పే రహస్యవిద్య అది. తెర ఇవతల నా చోటు. ఉన్ని ఏకడం, నూలు వడకడం, ఉతకడం, వండడం, అన్నీ అక్కడే. నా నూలు మా అత్త గ్రాసియా బజారుకి తీసుకెళ్తుంది. ఆయన చదువు దాని మీదే నడుస్తుంది. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనరు.

"కింద మేలుకుంటేనే..." అని ఆగాడు. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. నేను ఆయన అంగీ పిండుతున్నాను. పక్కవాళ్లు పాట మరిచిపోతే అందించినట్టు, ఆలోచించకుండానే అందించాను: "పైన మేలుకుంటుంది. నేలనుంచి ఆవిరి లేచాకే ఆకాశం వాననిస్తుంది. ముందు అడగాల్సింది కిందిదే." ఆయన రాగంలోనే అన్నాను.

తెర పక్కకి జరిగింది. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"ఎవర్రా నువ్వు?" అన్నాడు.

పదిహేడేళ్లు 'ఏమే' అని పిలిచిన మనిషి.

"నేనేనండీ."

"ఆడదానికి ఇదెలా తెలుసు?"

"రోజూ వింటున్నాను కదా, ఇక్కడ కూర్చుని."

"వినడం వేరు. ఆ రాగం, ఆ వరస? నాకే నోటికి రావట్లేదు!"

నేను విని నేర్చుకున్నానంటే నమ్మలేకపోయాడు. నాలో చచ్చిన మగవాడెవడో దూరాడంటే మాత్రం అప్పటికప్పుడే నమ్మేశాడు.

"నేను చెబుతూనే ఉన్నానురా నాయనా," అంది అత్త, పొయ్యి దగ్గర్నుంచి. "కదురు చేతిలో పెట్టుకుని గోడకేసి చూస్తుంటుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఉలకదు. నా మాట విన్నావా?"

అత్త అన్నది అబద్ధం కాదు. అదే నా భయం. పోయిన చలికాలం, ఊపిరి తీసి ఉన్ని లాగుతూ, ఊపిరి వదిలి పురి పెడుతూ, ఆ మాటలే లోపల తిప్పుకుంటున్నాను. ఉన్నట్టుండి చేతిలోని ఉన్ని లోపలినుంచి వెలిగింది. కదురు లేదు, గోడ లేదు, నేనూ లేను. చూడడం ఒక్కటే ఉంది. మాడిన పాల వాసన నన్ను వెనక్కి లాక్కొచ్చింది, దాని వెనకే అత్త తిట్లు. తర్వాత ఇంకో నాలుగైదుసార్లు అయింది. ఎవరికి చెప్పను? మా ఊళ్లో మగవాడి నోట వింత గొంతు పలికితే దేవదూత అంటారు, వెళ్లి చెయ్యి ముద్దుపెట్టుకుంటారు. ఆడదాని నోట పలికితే దయ్యం పట్టిందని గంధకం పొగ వేస్తారు. అయినా, ఆ వెలుగు చూసింది నేనేనా? లోపల నిజంగానే ఇంకెవరైనా ఉన్నారా? మర్నాడు సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగిస్తూ, రెండో వత్తి ముట్టించకుండా మంటకేసే చూస్తుండిపోయాను. అత్త చూసింది.

ఆదివారం లూనా వచ్చింది, రంగులద్దే అతని భార్య. రెండేళ్ల కిందట ఆమెకి పొగ వేశారు. అప్పట్నుంచి నలుగురిలో నోరు విప్పలేదు. ఉన్నిబుట్ట దించి నా చెవి దగ్గరకి వంగింది. గొంతు గరగరలాడుతోంది.

"రేపు మధ్యాహ్నం నీకు పొగ వెయ్యడానికి వస్తారట. పేరు అడుగుతారు. నేను లూనానే అన్నాను. దయ్యం అలాగే బుకాయిస్తుందన్నారు, పొగ పెంచారు. ఊపిరాడక చివరికి చచ్చిపోయిన కసాయివాడి పేరు చెప్పాను. అప్పుడు తీశారమ్మా కిటికీ. నువ్వు ఆలస్యం చెయ్యకు."

"ఏ పేరు చెప్పను?"

"మగాడిదే చెప్పు. పాపాత్ముడైతే ఇంకా తొందరగా నమ్ముతారు." దగ్గుతో కలిసి నవ్వొచ్చింది ఆమెకి. "తర్వాత ఎడమకాలి చిటికెనవేలు ఆడించు. వాడు అట్నుంచే పోవాలట, మహారాజు!"

"పోయాక?"

లూనా నవ్వు ఆగింది. "పోయాకే అసలు సంగతి. ఇప్పుడు నా మనసులో ఏ మాట మెదిలినా, అది నాదా కసాయివాడిదా అని నాకే అనుమానం. అందుకే మాట్లాడను."

ఆ రోజంతా ఒక పేరు వల్లించాను. నూలు దొంగిలించి, వాగులో పడి చచ్చిన నేతగాడు యోమ్‌తోవ్. యోమ్‌తోవ్, యోమ్‌తోవ్. పిండి పిసుకుతూ, గిన్నెలు తోముతూ, అదే పేరు.

సోమవారం పదిమంది వచ్చారు. పొద్దున్నే కడిగిన నేల మీద మట్టికాళ్లతో నిలబడ్డారు. వాళ్లలో మా మతగురువు రబ్బీగారు మెత్తటి మనిషి. "భయపడకు తల్లీ" అన్నారు. అత్త కుంపటి తెచ్చింది, నేను రోజూ వంట చేసే కుంపటే. మా ఆయన నా కాలి చిటికెనవేలికి దారం కట్టాడు, నేను వడికిన దారమే. ముడి రెండుసార్లు జారితే మళ్లీ వేశాడు. కిటికీ మూశారు. పొట్టేలు కొమ్ము ఊదారు. నిప్పుల మీద గంధకం చల్లి కుంపటి నా మొహం కిందకి జరిపారు.

"నీ పేరేమిటి?" అన్నారు రబ్బీగారు.

కళ్లు మండాయి. యోమ్‌తోవ్ అన్న పేరు నాలుక చివరికొచ్చి నిలబడింది. ఒక్క మాట అంటే కిటికీ తెరుస్తారు. వాడి పేరు చెబితే ఆ రాగం వాడిదైపోతుంది. పదిహేడేళ్ల వినికిడి వాడిదవుతుంది. ఉన్నిలో వెలుగు చూసింది కూడా వాడే అవుతాడు. ఇంక కదురు ముందు కూర్చునేది ఎవరు?

భయంలోనే లోపలికి వెతికాను. ఎవరైనా ఉన్నారా అని మూలమూలా చూశాను. తెర ఇవతల కూర్చుని వింటున్న మనిషి ఒక్కతే కనిపించింది. పాలు పొంగాయని తిట్లు తిన్నది. ఆమెకీ భయంగానే ఉంది.

"గట్టిగా చెప్పరా!" అని అరిచాడు మా ఆయన. "ఎవర్రా నువ్వు?"

"నేను ఒరోవీదని," అన్నాను. "ఎస్త్రెయా కూతుర్ని."

పదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "బుకాయిస్తోంది," అన్నారెవరో. ఇంకో గుప్పెడు గంధకం పడింది. ఊపిరి తెగిపోతోంది, భయం మాత్రం పోలేదు. మళ్లీ నా పేరే చెప్పాను. మూడోసారి చెప్పేలోపు ఎవరో బయటనుంచి కిటికీ తలుపు మీద రెండు చేతులతో బాదారు. రెండేళ్లుగా వీధి వినని గొంతు, గరగరమంటూ, వీధంతా వినేలా అరిచింది:

"నేను లూనాని!"