అద్దం పట్టుకున్న పిల్ల

"అట్టపెట్టె పారేయకు, వారంటీకి పనికొస్తుంది. ఆ కొత్త కేబుల్ కూడా అందులోనే ఉంచి అటక మీద పెట్టెయ్. పాతది నిక్షేపంలా పనిచేస్తుంటే కొత్తదెందుకు?" అన్నాడు భర్త. ఆమె పెట్టెతో స్టూలెక్కింది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని అట్టపెట్టె మాత్రం ఆమె వంతుకు వస్తుంది. పెళ్లయిన కొత్తలో కొన్న మిక్సీది, ఎప్పుడో పాడైన ఫ్యానుది, అన్నీ అటక మీదే ఉన్నాయి. వస్తువులు పోయాయి, పెట్టెలు మిగిలాయి.

ఈసారి వచ్చింది మానిటర్. కూతురు కంప్యూటర్ ఆటల పోటీల్లో ఆడుతుంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి తనకోసం తను కొనుక్కున్న వస్తువు అది. పొద్దున ముగ్గురూ దుకాణానికి వెళ్లారు. భర్త అంగుళాలు తప్ప ఇంకేమీ చూడలేదు. "పెద్దదే తీసుకో, పెట్టిన డబ్బు కంటికి కనబడాలి" అన్నాడు. కారు పందెం ఆట నడుస్తున్న రెండు తెరల మధ్య కూతురు తేల్చుకోలేక నిలబడితే, ఆమె చేతిసంచి భుజం మార్చుకుంటూ, "ఆ పెద్దదాంట్లో కారు వెనకాల మసక సాగుతోందే. చిన్నదాంట్లో అంచు తెగినట్టుంది, చూడు" అంది.

దుకాణం నడిపే ఆవిడ కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని ఇటు తిరిగింది. "మీరెక్కడ పనిచేస్తారండీ?"

"ఆవిడ ఖాళీయేనండి, ఇంట్లోనే ఉంటుంది" అని భర్త జవాబిచ్చాడు, ఆమె నోరు తెరిచే లోపే.

దుకాణం ఆవిడ అతని వంక చూడనైనా లేదు. "మా రిపేరు బల్ల దగ్గర ఇలాంటి కన్నున్న మనిషి కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాను. రేపు పదింటికి ఒకసారి రండి" అని చీటీ మీద నంబరు రాసిచ్చింది. దారి పొడుగునా భర్త అదే తలుచుకుని నవ్వాడు. "వ్యాపారమంటే ఆవిడదే. మానిటర్ కొంటే ఉద్యోగం ఉచితం." ఆమె కూడా నవ్వింది. ఆయన జోకులకు నవ్వడం కూడా ఇంటిపనుల్లో ఒకటిగా ఎప్పుడో అలవాటైపోయింది. చీటీ మాత్రం పర్సులో ఉంది. ఆయన వద్దంటాడని కాదు ఆమె భయం. ఇరవై ఏడేళ్లు గరిటె పట్టిన చేతికి ఆ పాత పని ఇంకా జ్ఞాపకం ఉందా అని.

వాళ్ల నాన్న టీవీలు బాగుచేసేవాడు. ఇంటి ముందుగది సగం దుకాణం. లోపల పోపు వేగే వాసన, బయట సీసం కరిగే వాసన, గుమ్మం దగ్గర రెండూ కలిసేవి. ఇప్పటికీ ఎక్కడైనా వేడెక్కిన వైరు వాసన తగిలితే ఆమెకు ఆకలేస్తుంది. ఆ రోజుల్లో టీవీ వీపు విప్పి వెనక నుంచి పనిచేయాలి. ముందు బొమ్మ ఎలా ఉందో నాన్నకు కనబడదు. అందుకని ఎనిమిదేళ్ల ఆమె తెర ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడేది. బొమ్మ పైనుంచి కిందికి జారిపోతూ ఉండేది, జనం తలలు కింద, కాళ్లు పైన. నాన్న వెనకాల బుల్లి మర తిప్పుతూ, "నిలిచిందా అమ్మలూ?" అనేవాడు. "ఇంకా జారుతోంది నాన్నా." "ఇప్పుడో?" "ఆగింది. కానీ వణుకుతోంది." కొన్నాళ్లకు ఆయన అద్దంలోకి చూడటమే మానేశాడు. ఆమె ఆగిందంటే ఆగినట్టే. "దీని కన్నుంటే నాకు మీటర్లెందుకు?" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ మాటకు ఆమె చేతుల నొప్పి ఎగిరిపోయేది. ఏడేళ్లు పట్టుకుంది అద్దం. తమ్ముడికి పదేళ్లు నిండగానే నాన్న వాడి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. "మరి నాకో?" అని అడిగితే, "ఆడపిల్లవు, కరెంటుతో నీకెందుకమ్మా" అని తల నిమిరాడు. ఆ నిమరడంలో ఎంత ప్రేమ ఉందో ఆమెకు ఇవాళ్టికీ గుర్తే. ప్రేమ లేకపోయుంటే ఆ రోజే పోట్లాడి ఉండేది.

"అమ్మా, దీనికి ఏదో రోగం ఉంది" అన్న కూతురి గొంతు విని ఆమె స్టూలు దిగింది.

తెర మీద బొమ్మ కదిలినప్పుడల్లా నడిమికి చిరిగినట్టవుతోంది. "సెకనుకి నూట అరవై అయిదు సార్లు మారాల్సిన తెర ఇది. సెట్టింగుల్లో చూస్తే అరవై దాటి అంకే లేదు."

"నే చెప్పలా? అన్నీ కంపెనీ కబుర్లు. రేపు తిరిగిచ్చేద్దాం" అన్నాడు భర్త.

ఆమె కొంగు దోపుకుని మళ్లీ స్టూలెక్కింది. అట్టపెట్టెలోంచి కొత్త కేబుల్ తీసుకుని దిగి, బల్ల కిందికి దూరింది.

"నువ్వెక్కడికి? ముందు టీ పెట్టు, ఇవన్నీ నీకు..."

"ఫోన్లో లైటు వేసి పట్టుకోండి. ఇంకాస్త పైకి."

ఆయన పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. పాత కేబుల్ ఊడింది, కొత్తది టిక్కుమని కూర్చుంది. పైన కూతురు, "వచ్చింది, నూట అరవై అయిదు వచ్చింది" అంది.

"చిరగడం ఆగిందా?"

"చాలావరకు. ఇంకా ఎక్కడో కొద్దిగా."

"దాంతో వచ్చిన పుస్తకంలో ఇంకేం రాశాడు?"

"అడాప్టివ్ సింక్ అని ఒకటుంది, మానిటర్ మెనూలోనే ఆన్ చేయాలట. బొమ్మ ఎప్పుడు తయారైతే తెర అప్పుడే మారుతుంది. బొమ్మ ఆలస్యమైతే దానికోసం తెర ఆగుతుంది."

బల్ల కింద ఆమెకు నవ్వొచ్చింది. ఎవరు ఎప్పుడు లేస్తే అప్పుడు కాఫీ, ఎవరు ఎప్పుడొస్తే అప్పుడు వేడన్నం. ఈ ఇంట్లో అది పెళ్లినాటి నుంచీ ఆన్‌లోనే ఉంది. "ఆన్ చెయ్" అంది.

"అబ్బ" అంది కూతురు. ఆమె బయటికొచ్చి చూసింది. తెర మీద కారు నీళ్లలో చేపలా మలుపు తిరిగింది. వణుకు లేదు. నిలిచింది నాన్నా, అనుకుంది.

"ఎంతసేపిలా? చెయ్యి లాగేస్తోంది" అన్నాడు భర్త, లైటు ఇంకా అలాగే పట్టుకుని.

"ఇక దించండి. కొంతసేపటికే లాగుతుంది, నాకు తెలుసు" అంటూ ఆమె చేతుల దుమ్ము దులుపుకుంది. "టీ పొడి పై అరలో రెండో డబ్బాలో ఉంది. రేపటికి పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. నేను పదింటికి ఆ దుకాణానికి వెళ్లాలి."

"మళ్లీ దుకాణమా? ఇంకా ఏం కొనాలి?"

"కొనడానికి కాదు" అంది.