ఎర్ర మరక ఉంచాలా, తీయాలా

తళతళక్క ఏ ఇంటికి పనికి వెళ్లినా ముందు చీపురు పట్టదు. బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, ఒక్కో మరకనీ వేలితో చూపించి, "ఇది ఉంచాలా, తీయాలా?" అని అడుగుతుంది. కొత్తవాళ్లకి నవ్వొస్తుంది. మరకలు దాచుకునేవాళ్లు ఎవరుంటారు? తెలిసినవాళ్లు మాత్రం కాసేపు ఆలోచించుకుని మరీ చెబుతారు. ఎందుకంటే ఆవిడ చేత్తో పోయిన మరక, అది ఎందుకు పడిందో ఆ సంగతిని కూడా ఆ ఇంటివాళ్ల బుర్రల్లోంచి పట్టుకుపోతుంది. అదంతే. ఆవిడ వాడే నిమ్మకాయలూ వంటసోడా అందరూ కొనుక్కునేవే. కొందరి చేతికి వంట కుదురుతుంది, ఈవిడ చేతికి ఇది కుదిరింది.

ఒకావిడ ఆడపడుచుతో గొడవలో వాష్‌బేసిన్ మీద పడ్డ జుట్టురంగు మరక తీయించుకుని, మర్నాడే ఆమెతో నవ్వుతూ మాట్లాడింది. ఇంకొకాయన తొందరపడి అన్నీ తీయించేసి పెళ్లిరోజు మర్చిపోయాడు. మరక ఉన్నా మర్చిపోయేవాడేనని వాళ్లావిడ ఉద్దేశం.

ఆ రోజు పిలిచింది పెయింటర్ భార్య. పెయింటర్ అంటే పదంతస్తుల మేడలకి తాడు కట్టుకుని వేలాడుతూ రంగులేసే మనిషి. అంత ఎత్తున ఎన్నడూ జారని కాలు, నాలుగు నెలల కిందట సొంత బాత్రూమ్‌లో పాచి మీద జారి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు. స్టూలెక్కి బల్బు మార్చమన్నా చెమటలు పట్టేస్తున్నాయి. సోమవారం తాడెక్కకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని మేస్త్రీ చెప్పేశాడు.

"నేనూ నానా తంటాలు పడ్డానక్కా," అంది ఆవిడ. "యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపి పోద్దామనుకున్నా."

"పోశావా?"

"లేదు."

"బతికిపోయావు. ఆ రెండూ కలిస్తే వచ్చే ఘాటుకి మరకల కన్నా ముందు మనం పోతాం తల్లీ."

తళతళక్క లోపలికి తొంగి చూసింది. కుళాయి కింద పచ్చగా పాచి. దాన్ని ఆనుకునే గచ్చు మీద గుండ్రంగా ఎర్రటి తుప్పు మరక.

"ఈ ఎర్రది?"

"ఆయన పడ్డప్పుడు మా అమ్మాయి మందుల డబ్బా తెచ్చి తడి మీద పెట్టేసింది. రేకు డబ్బా, తుప్పు దిగింది. అదీ ఆ గొడవలోదే. రెండూ తీసెయ్," అనేసి ఆవిడ పనికి వెళ్లిపోయింది. ముందుగదిలో పెయింటర్ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

తుప్పుకి ఉప్పూ నిమ్మరసం. తళతళక్క నిమ్మకాయ కోసిందో లేదో గుమ్మంలో గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, ఆ ఎర్రది తీయకండి."

పదమూడేళ్ల పిల్ల. నాలుగేళ్ల కిందట తల్లి చెయ్యి పట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ పెయింటర్ని అంకుల్ అనే పిలుస్తుంది.

"ఎందుకమ్మా?"

పిల్ల గోరు కొరుక్కుంది. "ఆ రోజు అమ్మ ఇంట్లో లేదు. డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చి... నాన్నా అన్నాను."

"మళ్లీ అన్నావా?"

"లేదు. అలా ఎందుకు పిలిచావని తర్వాత అంకుల్ అడిగారు. భయమేసి అన్నానని చెప్పా. నిజంగా భయంతోనే అన్నానేమో, నాకే తెలీదు."

తళతళక్క రెండు మరకల్నీ మళ్లీ చూసింది. పాచి ఏమో జారుడుది, తుప్పు ఏమో పిలుపుది. పాచి ఉంటే అతని పని పోతుంది. తుప్పు పోతే ఆ పిలుపు పోతుంది. రెండూ ఒక అంచున కలిసిపోయి ఉన్నాయి. నిమ్మచుక్క పడ్డా, వెనిగర్ తగిలినా తుప్పు కరిగిపోతుంది.

కోసిన నిమ్మకాయని పక్కన పెట్టేసింది. వంటసోడా ముద్ద చేసి, పాత టూత్‌బ్రష్ తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఆ అంచు వెంబడి గింజంత గింజంత రుద్దడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి పచ్చదనం పోయింది. ఎర్ర సున్నా చెక్కుచెదరకుండా మిగిలింది.

"పాచి మళ్లీ పట్టకూడదంటే స్నానమయ్యాక నేల పొడిగా లాగెయ్యాలి, కిటికీ తీసి ఉంచాలి, కారే కుళాయికి వాషర్ మార్పించాలి," అని పిల్లకి అప్పజెప్పింది. ఎందుకు పట్టకూడదో పిల్లకి అప్పటికే గుర్తులేదు. బుద్ధిగా తలూపింది.

సోమవారం పెయింటర్ తాడెక్కాడు.

మర్చిపోయిన బ్రష్ కోసం ఆ తర్వాతి ఆదివారం తళతళక్క మళ్లీ వెళ్లింది. పెయింటర్ బాత్రూమ్‌లో వైపర్‌తో నీళ్లు లాగుతున్నాడు. ఎర్ర సున్నా దగ్గరికి రాగానే ఆగిపోయాడు. మోకాలి కింద కుట్ల గుర్తు గోక్కున్నాడు. అది ఎక్కడిదో అతనికి తెలీదు.

"ఏమ్మా," అన్నాడు, అద్దం ముందు జడ వేసుకుంటున్న పిల్లతో. "ఒకసారి ఇక్కడే నువ్వు నన్ను నాన్నా అని పిలిచావు. పిలిచినట్టు బాగా గుర్తుంది. ఎందుకు పిలిచావో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు."

పిల్ల జడ ఆపి ఆలోచించింది. ఎంత వెతికినా కారణమంటూ ఏదీ దొరకలేదు.

"ఊరికే, నాన్నా," అంది.