జమున బతికే కథ

ఎనభై ఆరులో సూర్యాపేటలో సినిమా కథను మద్రాసు చేర్చేవాళ్లు ఎవరుంటారు? మొదటిసారి స్క్రీన్‌ప్లే రాసిన కిషన్‌కు, సినిమా డబ్బా వెంట టాకీసుకు వచ్చే డిస్ట్రిబ్యూటర్ మనిషి దామోదర్ ఒక్కడే దొరికాడు.

టాకీసు మెట్ల మీద కిషన్ కథంతా చెప్పాడు. అది సాగర్ కాలువలో పడి చనిపోయిన అతని చెల్లెలు జమున కథ. చెబుతున్నంతసేపూ చెల్లెలి ముఖం గుర్తుకు రాలేదు. దామోదర్ ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

"మంచిగుంది తమ్మీ. కానీ పిల్ల సస్తే ఆడోళ్లు రెండోసారి రారు. బతికించు. పైవారం మద్రాసు పోతున్న, నిర్మాతకు నేనే ఇస్త."

"బతికిద్దాం సార్," అన్నాడు కిషన్ వెంటనే. తన గొంతులోని సంతోషానికి తనే భయపడ్డాడు.

మోతె దగ్గరి తండాలో తల్లి పుష్పాబాయి వాకిట్లోనే ఎదురుచూస్తోంది.

"ఏమన్నడు బిడ్డా?"

"కథను మద్రాసు తీస్కపోతడంట."

"మన జమున సంగతి మొత్తం చెప్పినవా?"

"చెప్పిన."

"ఏడ్సిండా?"

కిషన్ వంగి చెప్పులు విప్పుకున్నాడు.

"బాగ ఏడ్సిండమ్మా."

ఆమె కూడా ఏడవడం మొదలుపెట్టింది. కిషన్ ఆమె పక్కనే కూర్చుని, జమునను నీళ్లలోంచి ఎవరు పైకి తీస్తే బాగుంటుందా అని ఆలోచించసాగాడు.