చీలమండ మీది కళ్ళు

ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని పాదాల నుంచి పైకి చూస్తున్నాను. ముఖాలు నాకు గుర్తుండవు. పాదం ముందుకొస్తే మాత్రం చెప్పగలను, పోయిన ఏడు చిటికెన వేలు ఒరుసుకుంటోందని వచ్చినాయన ఇతనే అని.

మేం పనిచేసే అంగడి పుదుచ్చేరి సముద్రపు ఒడ్డు నుంచి మూడో వీధిలో ఉంది. కొలత తీసి తోలు చెప్పులు కుట్టి ఇస్తాం. అంగడి జయప్రకాశ్‌ది. వాళ్ళ నాన్న కాలంలో చేరినవాణ్ణి కాబట్టి ఇప్పటికీ చిన్నయ్యా అనే పిలుస్తాను. చిన్నయ్యకు నలభై దాటాయి.

ఆ అమ్మాయి వచ్చింది ఆడి మాసంలో, ఒక మంగళవారం. వీరాంపట్టినం అమ్మవారి తేరుకు ఇంకా పది రోజులుంది. ఆ పొద్దునే నేను కాప్పు కట్టుకున్నాను. కుడి మణికట్టుకు పసుపు దారం. కట్టుకున్నాక తేరు అయ్యేదాకా నీచు లేదు, చుట్ట లేదు, నోట చెడ్డ మాట లేదు. చివరిది నాకు కష్టం కాదు. మంచి మాటైనా నేను ఎక్కువ మాట్లాడను.

కాప్పు నా కూతురు అనుప్రియ కోసం. దానికి ఏడో నెల. మొదటిది అయిదో నెలలో పోయింది. రెండోది పుట్టింది గానీ ఏడవలేదు. ఈసారి అమ్మ చూపు దాని కడుపు మీద పడాలని, తేరు రోజున వెండి కళ్ళు సమర్పించుకుంటానని మొక్కుకున్నాను.

అమ్మాయి కుర్చీలో కూర్చుని కుడికాలు నా ముందరి పీట మీద పెట్టింది. పాతికేళ్ళుంటాయి. ఉత్తరాది పిల్ల. బెంగుళూరులో ఉద్యోగమట, నెల రోజులు సముద్రం పక్కన ఉండి పని చేసుకోవడానికి వచ్చిందట. నేను కాగితం పరిచి పాదం చుట్టూ పెన్సిల్ గీత తిప్పాను. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చుక్క పెట్టాను. చీలమండ కొలతకని కాగితపు పట్టీ తీసి చుట్టబోతే అక్కడ అమ్మవారు ఉంది.

నిమ్మకాయంత ముఖం. కిరీటం, దాని చుట్టూ మంటలు, ముక్కుపుడక. చీలమండకు కాస్త పైన, ముందువైపు. సరిగ్గా తోలు పట్టీ వచ్చే చోట.

"ఏంది వీరాసామీ, పేపరు పట్టుకోని అట్నే కూర్చుండావు?" అన్నాడు చిన్నయ్య.

"కాలి మీద అమ్మోరు ఉండాది."

"టాటూ అప్పా. ఇప్పుడు అందురూ ఏస్కుంటాండారు."

"పట్టీ యాడ వస్తాదో చూడు చిన్నయ్యా."

అతను వంగి చూశాడు. చూసి తల గోక్కున్నాడు. నేను ఇంకొంచెం దగ్గరగా చూశాను. అప్పుడు కనిపించింది, ఆ ముఖానికి కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట రెండు బాదం గింజల ఆకారాలు, లోపల ఒట్టి చర్మం. చిన్నయ్యను అడగమన్నాను. అతను ఇంగ్లీషులో అడిగి, "ఇంకా అయిపోలేదంట, కండ్లు వచ్చే వారం ఏస్తారంట" అన్నాడు.

అయితే సరే అనుకున్నాను. కాగితపు పట్టీ చుట్టి కొలత రాసుకున్నాను. తేరు శుక్రవారం రోజున వచ్చి తీసుకోమని చిన్నయ్య చెప్పాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా అమ్మ మునెమ్మ మునిసిపాలిటీలో ఊడ్చి రిటైరైంది. అనుప్రియ తల్లి పోయి ఆరేళ్ళయింది కాబట్టి పుట్టింటికి వచ్చిన పిల్లను అమ్మే చూసుకుంటోంది. చింతపండు పిసుకుతూ అంతా విని ఒకటే అడిగింది.

"కండ్లు తెరిసినారా?"

"లేదు."

"అయితే అది అమ్మ కాదురా, బొమ్మ. కుమ్మరోడు మట్టిని కాళ్ళతో తొక్కే కదా అమ్మను చేసేది? కండ్లు తెరిసినాకే కదా మనం దండం పెట్టేది? కుట్టు పో."

"తోలు కదమ్మా."

"తోలు మన కూడు. అది అమ్మకి తెలీదా?"

అనుప్రియ మంచం మీద నుంచి నవ్వింది. "అవ్వా, నీకూ టాటూ ఉండాది కదా."

"టాటూ కాదే, పచ్చబొట్టు. మా అమ్మ పట్టుకుంటే కొరవది సూదులతో పొడిసింది. నేను మా అమ్మని కరిసినా."

అమ్మ ముంజేతి మీద శూలం ఉంది. చర్మం ముడతలు పడి ఇప్పుడది కాస్త వంగింది. ఆ చేతిని ఎత్తి చూపిస్తూ అంది, "ఈ చేత్తో ముప్పై రెండేళ్ళు ఈ ఊరి కాలవలన్నీ ఎత్తినా. అమ్మ ఏమన్నా అనిందా?"

మరుసటి రోజే తోలు కోసి కుట్టడం మొదలుపెట్టాను. మంచి తోలు దొరికింది, మెత్తటిది, చింతగింజ రంగు. పట్టీ అంచులు రెండుసార్లు నున్నగా రుద్దాను. ఆ జత బాగా కుదిరింది. అది చెప్పడానికి ఇప్పుడు ఏదోలా ఉంది గానీ నిజం.

తేరు శుక్రవారం ఊరికి సెలవు. మాకు లేదు, వరుస సెలవులకు వచ్చినవాళ్ళతో వీధి నిండిపోయింది. పొద్దున తేరు లాగేటప్పుడు తొక్కిడి ఎక్కువ. కడుపుతో ఉన్న పిల్లను సాయంత్రం తీసుకెళ్దామని మేం అనుకున్నాం. వెండి కళ్ళు కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునే పనికి వచ్చాను.

పదకొండింటికి ఆ అమ్మాయి వచ్చింది. "హాయ్ అంకుల్" అంటూ కుర్చీలో కూర్చుని కాలు పీట మీద పెట్టింది.

మా అంగట్లో ఒక పద్ధతుంది. కొత్త జతను మొదటిసారి తొడిగేది కుట్టినవాడే. పట్టీకి బకిలు చిల్లు ముందుగా పెట్టం. కాలికి తొడిగి, పట్టీ చుట్టి, బిగువు చూసి, కాలి మీదే, తోలు కుట్టే ఆరె మొనతో గుర్తు పెడతాం. తర్వాత విప్పి చిల్లు పొడుస్తాం. చిన్నయ్య వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి.

చెప్పు తొడిగాను. బొటనవేలు సరిగ్గా దూరింది. మడమ సరిపోయింది. పట్టీ రెండు కొసలూ పట్టుకుని తలెత్తితే అమ్మ నన్ను చూస్తోంది.

కళ్ళు వేసేశారు. పెద్ద కళ్ళు, నల్లగా, కింద ఎర్రటి గీత. నేను నేల మీద కూర్చుంటాను, కాలు పీట మీద ఉంటుంది. అందుకని ఆ ముఖం సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉంది. నా కుడిచేతిలో ఆరె ఉంది. ఆ చేతికే కాప్పు ఉంది. పట్టీ వేస్తే కళ్ళ మీద పడుతుంది. గుర్తు పెట్టాలంటే ఆరె మొన ఎక్కడ ఆనాలో నాకు తెలుసు.

ఆ పిల్ల మీద కోపం వచ్చిందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వచ్చినట్టే గుర్తు. కానీ అప్పుడు లోపల తిరిగిన మాట వేరే. చూడొద్దమ్మా, ఇటు చూడొద్దు, అని. అదొక్కటే.

ఆరె కింద పెట్టి తోలు కత్తి తీశాను. పట్టీని రెండు పక్కలా మొదలుకంటా కోసేశాను. రెండో చెప్పుదీ కోసేశాను.

"ఒరే! పిచ్చి గాని పట్టిందా నీకు?" చిన్నయ్య గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. "కొత్త జత!"

అమ్మాయి కాలు వెనక్కి లాక్కుంది. ఒకసారి కత్తి వైపు, ఒకసారి నా వైపు చూసింది. అంగట్లో ఉన్న ఇంకో ఇద్దరు కూడా తిరిగి చూశారు. నేను కత్తి పీట పక్కన పెట్టాను.

చిన్నయ్య కళ్ళు నా మణికట్టు మీదికి పోయాయి. అక్కడి నుంచి ఆమె కాలి మీదికి. తిట్టబోయిన నోరు మూసుకున్నాడు. ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పాడు. టాటూ, స్కిన్, లెదర్, ఈ మూడే నాకు అందాయి. ఆమె ముఖం మెత్తబడింది. ఆమె కూడా ఏదో చెప్పింది, కాస్త పెద్దగానే.

తర్వాత కుర్చీ దిగి, నేను లేచేలోపే, వంగి నా రెండు పాదాలూ తాకి చేతులు నుదుటికి ఆనించుకుంది.

నా కాళ్ళ మీద జిగురు మరకలున్నాయి. ఆ కాళ్ళను ఇంతవరకు ముట్టుకున్నది మా అల్లుడొక్కడే, పెళ్ళిలో, అదీ ఫోటోవాడు చెప్తే. నేను వెనక్కి జరగాలనుకున్నాను, వెనక గోడ ఉంది. ఆమె వంగినప్పుడు మోకాలు నేలకు ఆనింది, ఆ చీలమండ నా పాదం పక్కకు వచ్చింది. అమ్మ కళ్ళు ఇప్పుడు నా కాలి గోళ్ళ పక్కన ఉన్నాయి.

ఆమె పట్టీ లేని ఆ కొత్త చెప్పులే తొడుక్కుని మెట్లు దిగింది. టపటపమని చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

"ఏం చెప్పినావు చిన్నయ్యా?"

"పచ్చి టాటూ మీద తోలు పడితే చీము పడతాది, ముసిలాయన అందుకే కోసినాడని చెప్పినా. మరింకేం చెప్పమంటావు?"

"ఆ పిల్ల ఏమనింది?"

"థ్యాంక్స్ అనింది. అమ్మోరిని కాలి మీద ఎందుకు ఏస్కున్నావమ్మా అని కూడా అడిగినా." అతను బిల్లు పుస్తకం తిరగేస్తున్నాడు. "యాడికి పోయినా అమ్మ అడుగు ముందు, నా అడుగు ఎనక అనింది."

"నిజంగా అనిందా?"

"అనిందప్పా. నేనేమన్నా కత కడతానా?"

ఒక్క నిమిషం కిందటే ఆ పిల్లకు ఒక కథ కట్టి చెప్పినవాడు అతను. నాకూ ఇంకొకటి కట్టాడేమో. కట్టలేదేమో. ముఖం చూసి కనిపెట్టడం నాకు చేతకాదు. ఆ అమ్మాయినే అడగాలంటే ఏ భాషలో అడగను?

మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. కళ్ళు వేశారన్నప్పుడు అమ్మ నమలడం ఆపేసింది.

"ఆ పిల్లను తిట్టినావా?"

"లేదు."

"దండం పెట్టినావా?"

"లేదు."

"మరేం చేసినావు?"

"పట్టీ కోసేసినా."

అమ్మ ముంజేతి మీద శూలాన్ని బొటనవేలితో రుద్దుకుంది. "దీనికి కండ్లు లేవు కదా" అంది, నన్ను అడుగుతున్నట్టు. ఆమె నన్ను అలా అడగడం అదే మొదటిసారి. ఆ తర్వాత, "పట్టీ లేకుంటే ఆ పిల్ల కాలు జారదా?" అంది.

అది నాకు తట్టలేదు. ఆ జత పట్టీ కోసం కుట్టిన జత. పట్టీ లేకపోతే మడమ నిలవదు. తడి మెట్ల మీద ఎవరైనా జారతారు. ముప్పై ఏళ్ళలో అలాంటి జత తొడిగి ఎవరినీ పంపలేదు.

అయిదింటికి ఆటోలో వీరాంపట్టినం వెళ్ళాం. తేరు నిలబడి ఉంది, తాళ్ళు ఇసకలో పడున్నాయి. అమ్మ, అనుప్రియ, నేను వరుసలో నిలబడ్డాం. అనుప్రియ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా నడుస్తోంది. లోపల చెమట, మల్లెపూలు, వేపాకు వాసన. మా వంతు వచ్చేసరికి వెనక నుంచి తోపులాట.

"ముందుకి జరుగప్పా, జరుగు!"

వెండి కళ్ళకోసం జేబులో చెయ్యి పెట్టాను. కాగితపు పొట్లంతోపాటు మెత్తగా ఇంకేదో తగిలింది. తీసి చూశాను. కోసేసిన పట్టీ ముక్క. నేనే జేబులో వేసుకున్నట్టున్నాను, ఎప్పుడో గుర్తు లేదు.

తలెత్తితే ఎదురుగా అమ్మ. కళ్ళు పెద్దవి, కింద ఎర్రటి గీత. పొద్దున చూసినవే అనిపించింది. అన్ని అమ్మల కళ్ళూ అలాగే గీస్తారు, నాకు తెలుసు. అయినా అనిపించింది.

పదకొండింటికి చూడొద్దని వేడుకున్నాను. ఇప్పుడు చూడమని అడగాలి. బిడ్డను చూడు తల్లీ అనడానికి నోరు రాలేదు. పొద్దున అన్న మాటను అమ్మ విని ఉంటే? విని, సరేనని అటు తిరిగి ఉంటే? వెండి కళ్ళు పళ్ళెంలో పెట్టాను. ఒకటి దొర్లి కర్పూరం పక్కకు పోయింది. పూజారి వేలితో సర్ది మా ముగ్గురికీ కుంకుమ వేసి చేత్తో పక్కకు చూపించాడు. తోలు ముక్క నా ఎడమ పిడికిలిలోనే ఉండిపోయింది.

బయటికి వచ్చాక అనుప్రియ అడిగింది. "ఏం మొక్కినావు నాయినా?"

"ఎప్పుడూ మొక్కేదే."

"అంతసేపు నిలబడిపోయినావే?"

గుడి బయట వందలకొద్దీ చెప్పులు చెల్లాచెదురుగా పడున్నాయి. చింతగింజ రంగు, పట్టీ కోసేసిన జత ఒకటుందేమోనని వెతికాను. ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. అక్కడే కూర్చుని పట్టీ కుట్టి ఇచ్చేవాణ్ణేమో.

"ఏం ఎతకతాండావురా? మనవి ఈడనే ఉండాయి" అంది అమ్మ.

అనుప్రియ వంగలేదు కాబట్టి నా భుజం పట్టుకుని కాలు ముందుకు చాపింది. దాని చెప్పులు కూడా నేను కుట్టినవే. నేను ఇసకలో కూర్చుని చెప్పు తొడిగాను. కాళ్ళు నీరు పట్టి ఉబ్బాయి. పట్టీ మామూలు చిల్లుకు రాలేదు, ఇంకో చిల్లుకు వదులు చేశాను. ఆ చీలమండ మీద ఏమీ లేదు. అయినా బకిలు పెట్టేముందు నా చెయ్యి ఆగింది.

"ఏమాయ నాయినా?"

"ఏం లేదు. బిగువుగా ఉండాదా?"

"లేదు. పెట్టు."

పెట్టాను.