కట్టు కింది చిగుళ్ళు

మా అత్తయ్య అన్నం తినాలంటే పెరట్లో బత్తాయి మొక్క బతికుండాలి. నవ్వులాట కాదు. మా ఆయన పోయిన వారానికి ఆవిడ నా మొహం మీదే చెప్పింది: "వాడు చేత్తో కట్టిన అంటు అది. అది ఎండిన రోజున నా ముందు కంచం పెట్టకు."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అప్పటినుంచి పొద్దున్నే పెరటి గడియ తీయాలంటే నా గుండె గుభేలుమనేది. మొక్క జానెడు లేదు. ఉన్న నాలుగాకులూ వాడిపోయినట్టే ఉండేవి.

నెలన్నరకి మొక్క మొదట్లోంచి చిగుళ్ళు తన్నుకొచ్చాయి. ఒకటా రెండా, ఐదు! ముళ్ళతో సహా మోచెయ్యి పొడుగు లేచాయి. అత్తయ్య వాటి ముందు కుర్చీ వేసుకుని రెండు ముద్దలు ఎక్కువే తినేది. కుట్టుమిషన్ దగ్గర్నుంచి అది చూసి, హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

ఆ ధీమా కాస్తా మొన్న మధ్యాహ్నం మంటగలిసింది. మా ఆయనకి అంటు కట్టడం నేర్పిన నర్సరీ ఆయన పలకరించడానికి వచ్చాడు. మొక్క దగ్గర వంగి నొసలు చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? ఇవన్నీ అంటు కట్టు కింద నుంచి వచ్చినవి. అడుగున వేళ్ళున్న మొక్క ముళ్ళ నిమ్మ. మీ ఆయన కట్టిన బత్తాయి ఇదిగో, ఈ పుల్ల. రెండాకులు మిగిలాయి."

"మరి ఈ కొమ్మలు?"

"దాని నోటికాడ కూడు లాక్కుంటున్నాయి. ఇవాళే కోసెయ్యండి. కోసినా బతుకుతుందని మాటివ్వలేను."

నర్సరీ ఆయన వెళ్ళాక మొక్క దగ్గర కూర్చుని ఆ కట్టు వెతికి చూశాను. ఏళ్ళ తరబడి అతుకులు కుట్టి బతికేదాన్ని, అతుక్కి పైన ఏముందో కింద ఏముందో చూసుకోలేకపోయాను! నీళ్ళూ ఎరువూ పోసి మా ఆయన కొమ్మని నేనే మాడ్చాను. కొయ్యకపోతే అది చస్తుంది. కోస్తే అత్తయ్య కళ్ళకి మిగిలేది ఒక పుల్ల. ఆవిడ కంచం తోసేస్తే? ఆయన లేని ఇంట్లో ఆవిడ కూడా లేకుండా ఉండడమంటే నాకు చచ్చేంత భయం.

అత్తయ్య లోపల ఇంకా కునుకు తీస్తోంది. బట్ట తప్ప మరేదీ తగలనివ్వని నా కత్తెర పట్టుకుని పిల్లిలా పెరట్లోకి వెళ్ళాను. నాలుగు కొమ్మలు కోసేసరికి వేళ్ళనిండా ముళ్ళు గీరుకుపోయాయి.

"ఏం చేస్తున్నావ్?"

గుమ్మంలో అత్తయ్య. పురుగు పట్టిందని చెప్పబోయాను. ఆవిడ చూపు చూసి ఆ మాట మింగేసి, ఉన్నదంతా చెప్పాను.

"నేను నిద్రపోయేదాకా ఆగావన్నమాట. వాడి జబ్బూ ఇలాగే దాచారు మీరిద్దరూ. గ్యాస్ నొప్పన్నారు. నేను నమ్మి, వేళకి తినవని వాణ్ణి తిట్టాను. చివరిదాకా తిడుతూనే ఉన్నానే!"

నాకు ఏడుపు ఆగలేదు. "భయమేసింది అత్తయ్యా."

"నాకు వెయ్యదా?" అని చెయ్యి చాపింది. కత్తెర ఇచ్చాను. "వాడిదేదో చూపించు."

చూపించాను. అరచెయ్యి ఆ పుల్లకి అడ్డుపెట్టి, ఐదో కొమ్మ తనే కోసింది.

"ఇదీ ఎండిపోతే, అత్తయ్యా?"

"ఎండితే ముందు నాకు చెప్పు. అన్నం సంగతి తర్వాత."